మూడంతస్తుల హార్స్లీ: తెలుగు అక్షరం పక్కకి ఎందుకు వాలదు?

ఈరోజు ఎపిసోడ్ హార్స్లీ హిల్స్ మీద నుంచి చేస్తున్నా. వెనకాల గాలి సౌండ్ వస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి. సుమారు 1,265 మీటర్ల ఎత్తులో ఉన్నాం. సాయంత్రమైతే ఇక్కడ నాకన్నా గాలే ఎక్కువ మాట్లాడుతుంది.

వ్యూ పాయింట్ చూపిస్తాననుకుంటే సారీ. ఈరోజు సబ్జెక్ట్ అక్షరాలు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఫాంట్లు. లావుగా, గుండ్రంగా, కొసలు నున్నగా ఉండి, కొంచెం కుడివైపు వాలిన మోడరన్ ఫాంట్లు ఉంటాయి కదా. ఫుడ్ డెలివరీ యాప్‌లలో, చాక్లెట్ కవర్ల మీద, యూట్యూబ్ థంబ్‌నెయిల్స్‌లో ఇంగ్లిష్‌కి చూస్తూనే ఉంటాం. డిజైనర్ల భాషలో దాన్ని రౌండెడ్ ఇటాలిక్ శాన్స్ సెరిఫ్ అంటారు. అలాంటిది తెలుగులో ఎందుకు కనపడదు? కనపడినా ఎందుకు అంత వికారంగా ఉంటుంది? ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మా అవ్వ పరువు తీస్తే వచ్చింది.

ఏం జరిగిందంటే, ఈ కొండ మీద ఒక వీడియోకి థంబ్‌నెయిల్ చేశా. 'హార్స్లీ హిల్స్ కథ' అని టైటిల్. లావాటి గుండ్రటి తెలుగు ఫాంట్ ఒకటి ఎంచుకుని, స్టైల్‌గా ఉంటుందని ఇటాలిక్ బటన్ నొక్కేశా. అక్షరాలన్నీ కుడికి వాలాయి. నాకైతే సూపర్ అనిపించింది. పుంగనూరులో మా అవ్వకి ఫోన్ చూపించా. కళ్లద్దాలు పెట్టుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని, కాసేపు చూసి, "ఏందిరా ఇది, హ్లారీ హిల్సా?" అంది. అవ్వకి చత్వారం ఉంది, ఒప్పుకుంటా. కానీ ఫోన్ వెనక్కి తీసుకుని నేను జూమ్ చేసి చూస్తే నిజంగానే అట్లే ఉంది. తప్పు అవ్వది కాదు.

అసలు ఈ కొండ పేరే ఒక ఫాంట్ టెస్ట్ అండీ. స్క్రీన్ మీద పెద్దగా పెడుతున్నా, చూడండి. హా, తర్వాత ర, దానికి స వత్తు, దానికే ల వత్తు, పైన గుడిదీర్ఘం. హార్స్లీ. రాసేది 'ర' మీద, పలికే 'ఈ' మాత్రం 'ల'ది. ఒకే అక్షరంలో మూడు హల్లులు, ఒక అచ్చు. అంటే మూడంతస్తుల మేడ. ఇంగ్లిష్‌లో ఒకదాని పక్కన ఒకటి క్యూలో నిలబడే అక్షరాలు, మన దగ్గర ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కుతాయి.

19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్లీ అనే దొర ఇక్కడ చల్లగా ఉందని బంగళా కట్టుకున్నాడు, ఆయన పేరే కొండకి నిలిచిపోయింది. అప్పట్లో మదనపల్లె తాలూకా కడప జిల్లాలో ఉండేది, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటొచ్చింది. అంతకుముందు ఈ కొండ పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఆ పేరుతో ఏ ఫాంట్‌కీ ఇబ్బంది ఉండేది కాదు, అది వేరే విషయం. మన జనం చేసిన తెలివైన పని ఏంటంటే, ఆ మూడంతస్తుల మేడని పడగొట్టేశారు. పేపర్లలో, బస్సు బోర్డుల మీద చాలాచోట్ల 'హార్సిలీ' అని ఉంటుంది. మధ్యలో ఒక 'ఇ' దూర్చి రెండు అక్షరాలుగా విడగొట్టారు. నోటికీ సులువు, కంటికీ సులువు.

సరే, ఇటాలిక్ బటన్ నొక్కితే లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఫాంట్ చేసినవాళ్లు ఇటాలిక్ అక్షరాలు విడిగా గీసి ఇస్తే ఫోన్ వాటిని వాడుతుంది. ఇవ్వకపోతే మామూలు అక్షరాన్నే పట్టుకుని పక్కకి తోస్తుంది. దొంగ ఇటాలిక్ అనుకోండి. వెబ్ పేజీలకి ఉన్న సీఎస్ఎస్ లెక్కలో ఈ వాలుకి మామూలు కోణం 14 డిగ్రీలు. 14 డిగ్రీలంటే, ఎత్తులో నాలుగో వంతు పక్కకి జరుగుతుంది. అక్షరం నిలబడే గీత ఉంటుంది కదా, బేస్‌లైన్, అది కదలదు. దానికి పైన ఉన్నదంతా కుడికి పోతుంది, కింద ఉన్నదంతా ఎడమకి పోతుంది.

ఇంగ్లిష్‌కి దీంతో పెద్ద నష్టం లేదు. గీత కిందకి దిగే అక్షరాలే తక్కువ, దిగినా ఒక తోకే దిగుతుంది. మనకట్లా కాదు. పైన గుడి, కొమ్ము, ఏత్వం. కింద వత్తులు. ఒక ఫ్లెక్స్ మీద హార్స్లీ రాశారనుకోండి. గుడిదీర్ఘం గీతకి 12 అంగుళాల పైన, ల వత్తు 8 అంగుళాల కింద ఉంటే, గుడిదీర్ఘం 3 అంగుళాలు కుడికి, వత్తు 2 అంగుళాలు ఎడమకి జరుగుతాయి. రెండిటి మధ్య 5 అంగుళాల ఎడం. ల వత్తు పోయి 'హా' కింద చేరింది, గుడిదీర్ఘం ఒంటరిగా 'ర' మీద మిగిలింది. ఇప్పుడు చదవండి. హ్లారీ! మా అవ్వ కరెక్టుగానే చదివింది.

టైటిల్‌లో ఇంకో తప్పు కూడా ఉంది, అవ్వ చెప్పలేదు గానీ తర్వాత నాకే కనిపించింది. 'కథ' కాస్తా 'కధ' అయ్యింది. 'థ'కీ 'ధ'కీ తేడా పొట్టలో ఉన్న చుక్కే. ఫాంట్ లావెక్కేకొద్దీ పొట్ట లోపల ఖాళీ తగ్గుతుంది. థంబ్‌నెయిల్ ఫోన్‌లో గోరంత సైజుకి వచ్చేసరికి ఆ చుక్క మూసుకుపోతుంది. 'ఠ'కీ 'ర'కీ కూడా అదే గొడవ. 'పాఠం' అని రాస్తే 'పారం' అయి కూర్చుంటుంది. మామూలుగానే సగం మంది 'కధ' అని తప్పు రాస్తున్నాం, దానికి ఫాంట్ సాయం కూడా తోడైతే ఇంకేముంది.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్దాం, చాలా వెనక్కి. ఈ మూడు మాటలు, రౌండెడ్, ఇటాలిక్, శాన్స్ సెరిఫ్, ఒక్కోటి ఒక్కో కాలంలో, ఒక్కో అవసరం కోసం పుట్టాయి.

ఇటాలిక్ అందరికన్నా పెద్దది. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రింటర్ వర్జిల్ కావ్యాలని చిన్న సైజు పుస్తకంగా వేశాడు. అప్పటిదాకా పుస్తకాలంటే బల్ల మీద పెట్టుకుని చదివేంత పెద్దవి. ఈయనది చేతిలో పట్టుకుని తిరిగే సైజు. ఆ కాలపు స్మార్ట్‌ఫోన్ అనుకోండి. దానికోసం ఫ్రాన్సెస్కో గ్రిఫో అనే ఆయన కొత్త అక్షరాలు చెక్కాడు. అవి ఆ రోజుల్లో చదువుకున్న ఇటలీవాళ్లు చేత్తో గబగబా రాసే రాతని చూసి చేసినవి. ఇక్కడ ఒక్క పాయింట్ గట్టిగా పట్టుకోండి, తర్వాత అవసరం అవుతుంది. ఇటాలిక్ అంటే వాలడం కాదు, చేతిరాత. చెయ్యి వేగంగా కదిలితే అక్షరం వాలుతుంది, అంతే. మామూలు అక్షరాన్ని పక్కకి తోస్తే ఇటాలిక్ అవ్వదు.

శాన్స్ సెరిఫ్ అంటే అక్షరం కొసల్లో ఉండే చిన్న చిన్న పాదాలు, ముక్కులు తీసేసినది. ప్రింటింగ్ అచ్చుల్లో అది 1816లో లండన్‌లో, విలియం క్యాస్లన్ నాలుగో తరం ఆయన కేటలాగ్‌లో కనిపించింది. ఇక కొసలు గుండ్రంగా చేసే పద్ధతికి బాగా పేరు తెచ్చింది 1979లో ఫోక్స్‌వ్యాగన్ కార్ల కంపెనీ కోసం చేసిన వీఏజీ రౌండెడ్. మీరు దాన్ని చూసే ఉంటారు, చాలా ఏళ్లు ఆపిల్ కీబోర్డుల మీద ఉన్న అక్షరాలు అవే. కొసలు గుండ్రంగా ఉంటే అక్షరం ఫ్రెండ్లీగా అనిపిస్తుందని కంపెనీలకి నమ్మకం. డబ్బులు అడిగేటప్పుడు కోణాలున్న అక్షరం కన్నా గుండ్రటి అక్షరంతో అడిగితే బాధ తక్కువేమో మరి.

మరి మన సంగతి? ఇక్కడే నాకు ఈ కథ భలే నచ్చింది. గుండ్రటి అక్షరం మనకి కొత్త కాదు. తాటాకు మీద గంటంతో రాసిన తెలుగు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఇనుప మొనతో ఆకు మీద గీరతారు, తర్వాత మసి పూస్తే ఆ గీతల్లో నల్లగా నిలబడుతుంది. కలంతో రాస్తే ఒకచోట లావు, ఒకచోట సన్నం వస్తుంది. గంటం గీతలో అది రాదు. మొదట్నుంచీ చివరిదాకా ఒకే మందం. ముక్కుల్లేవు, పాదాల్లేవు, అంతా వంపులే. ఈ రోజు డిజైనర్ భాషలో చెప్పాలంటే అది రౌండెడ్ శాన్స్ సెరిఫే. ఈ పోలిక నాది, పుస్తకాల్లోది కాదు. కానీ ఒక తాళపత్రం ఫోటో పక్కన ఇప్పటి గుండ్రటి ఫాంట్ పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది.

తెలుగు గుండ్రంగా ఎందుకుందో స్కూల్లో మనకి ఒక జవాబు చెప్తారు. అడ్డగీతలు గీస్తే తాటాకు పీచు వెంబడి చిరిగిపోతుంది, అందుకని వంపులు తిప్పారు అని. ఇందులో నిజం ఉంది. కానీ ఇదే మొత్తం జవాబంటే నేను ఒప్పుకోను. ఇక్కడి నుంచి కుప్పం దాటితే తమిళనాడు. వాళ్లూ అదే తాటాకు మీద, అలాంటి గంటంతోనే రాశారు. మరి తమిళంలో నిలువు గీతలు, అడ్డగీతలు ఎన్ని లేవు? పైగా మన వంపులు రాయి మీద కూడా ఉన్నాయి. 575 నాటిదిగా చెప్పే ఎర్రగుడిపాడు శాసనం కడప జిల్లాలోదే, రేనాటి చోళులది. మదనపల్లె పక్కనే ఉన్న చిప్పిలి కూడా ఆ రేనాటి చోళుల ఊరే, శాసనాల్లో చిర్పులి అంటారు. రాతికి చిరిగే భయం లేదు కదా. అయినా శిల్పి ఉలితో వంపులే చెక్కాడు. అంటే ఆకుతో పాటు అలవాటు, అందం, చెయ్యి తిరిగే తీరు, ఇవన్నీ కలిసి పనిచేశాయి.

అప్పటికి తెలుగు, కన్నడ లిపులు వేరు కాలేదు. ఒకే లిపి కొన్ని వందల ఏళ్లలో నెమ్మదిగా రెండయ్యింది. ఆ విడిపోవడాన్ని అచ్చు యంత్రం గట్టిగా ఖాయం చేసింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, కుప్పంలో మళ్లీ మాట్లాడదాం.

తెలుగు మొదట అచ్చయ్యింది మన దేశంలో కాదు. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ అనే పాద్రీ 1746-47లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు అచ్చులు పోయించి చిన్న పుస్తకాలు వేయించాడు. తర్వాత బెంగాల్‌లో సీరాంపూర్, అక్కడ విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో వచ్చింది. 1816లో మద్రాసులో క్యాంప్‌బెల్ వ్యాకరణం. ఆ తర్వాత మన కడపలో ఉండి పనిచేసిన సి.పి. బ్రౌన్. ఆయన 1829లో వేమన పద్యాలు అచ్చేయించాడు, 1852లో నిఘంటువు తెచ్చాడు. సీసం ముక్కలతో తెలుగు అచ్చేయాలంటే అక్షరాలు, గుణింతాలు, వత్తులు కలిపి వందల ముక్కలు కావాలి. ఇంగ్లిష్ కంపోజిటర్ ముందు ఉండే కేసుకీ తెలుగు కంపోజిటర్ ముందు ఉండే కేసుకీ పోలికే లేదు. ఈ వందల ముక్కలకి తోడు ఇటాలిక్ కోసం ఇంకో వందల ముక్కలు ఎవరు పోయిస్తారు? డబ్బులెవరిస్తారు? అందుకే మన పుస్తకాల్లో ఒక మాట నొక్కి చెప్పాలంటే లావు అక్షరం వాడారు, కొటేషన్లు పెట్టారు, అడుగున గీత గీశారు. అక్షరాన్ని వాల్చలేదు. ఆ అవసరం లేకుండానే భాష నడిచింది.

అచ్చులో మాత్రమే వాలలేదు. వీధిలో బ్రహ్మాండంగా వాలింది. మా ఊళ్లో మా వీధి చివర ఒక పెయింటర్ మామ ఉండేవాడు. ఉన్నాడు, ఇప్పుడు బోర్డులు రాయడం లేదంతే. లారీల వెనక, టమాటా మండీల గోడల మీద, సినిమా హాలు ముందు, అన్నీ ఆయనే రాసేవాడు. థంబ్‌నెయిల్ తిప్పలు చెప్దామని ఆయన దగ్గరికి పోయా. నా ఫోన్ చూసి నవ్వి, చాక్‌పీసు తీసుకుని గోడ మీదే హార్స్లీ అని వాలుగా రాశాడు. చక్కగా చదవడానికి వచ్చింది! ఎట్లా మామా అంటే, "ఒత్తుని వాల్చకూడదు నాయనా. అక్షరం వాలినా ఒత్తు దాని కాళ్ల కిందే కూచోవల్ల. లేదంటే పక్కింటికి పోతాది" అన్నాడు.

ఒక్క మాటలో తేల్చేశాడు. ఆయన పైన గుడిదీర్ఘాన్ని కొంచెమే వాల్చాడు, మధ్యలో అక్షరం పొట్టని ఇంకొంచెం వాల్చాడు, కింద వత్తులు మాత్రం కుడికి లాగి మళ్లీ అక్షరం కిందకే చేర్చాడు. తలకట్టు ఎట్లాగూ కుడికి వాలిన టిక్ మార్కే కదా, దాన్ని ఇంకా వాలిస్తే పడుకుంటుందని ముట్టుకోలేదు. 14 డిగ్రీల లెక్క ఒకే బటన్‌తో అన్నిటికీ వేయడం ఎక్కడ, ప్రతి ముక్కనీ విడివిడిగా చూసుకోవడం ఎక్కడ! అసలైన ఇటాలిక్ డిజైన్ చేసేవాళ్లు చేసే పని ఇదే. ఫ్లెక్స్ ప్రింటింగ్ వచ్చాక ఆయనకి బోర్డుల పని ఆగిపోయింది. ఇప్పుడు ఇళ్లకి సున్నాలు, పెయింటింగ్ కాంట్రాక్టులు చేస్తున్నాడు. ఆయన చేతిలో ఉన్న ఈ లెక్క ఏ ఫాంట్ ఫైల్‌లోకీ ఎక్కలేదు.

ఎక్కిన చేతిరాత ఒకటుంది. బాపు గారిది. 1933లో నరసాపురంలో పుట్టి 2014లో మద్రాసులో పోయిన బాపు గారి బొమ్మలు, సినిమాలు మీకు తెలుసు. ఆయన అక్షరాలు ఇంకా ఎక్కువ తెలుసు, తెలుసన్న సంగతే మీకు తెలీదు. మీ ఇంట్లో ఏదో ఒక పెళ్లి కార్డు తీసి చూడండి. తలకట్లు గాల్లోకి లేచినట్టు, కొమ్ములు సాగినట్టు ఉండే ఆ రాత ఆయనదో, ఆయన్ని చూసి చేసినదో అయ్యుంటుంది. ఆయన చేతిరాత కంప్యూటర్ ఫాంట్‌గా మారింది. ఇందాక వెనిస్ గురించి చెప్పింది గుర్తుంది కదా, ఇటాలిక్ అంటే చేతిరాత అని. ఆ లెక్కన తెలుగుకి ఇటాలిక్ లేదు అనడం తప్పు. వెనిస్‌లో గ్రిఫో చేసిన పనికి మన దగ్గర దగ్గరి చుట్టం బాపు అక్షరమే. దానికి మనం ఆ పేరు పెట్టలేదంతే, 'బాపు రాత' అన్నాం, అదే బాగుంది కూడా.

ఇక ఫోన్ల కాలానికి వచ్చేద్దాం. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటిచ్చారు. కానీ చోటు ఇచ్చినంత మాత్రాన అక్షరం కనపడదు, ఫాంట్ కావాలి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన 2000, వేమన 2000 అని రెండు ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. పోతన పుస్తకం అక్షరంలా లావు సన్నాలతో ఉంటుంది, వేమన సాదాగా ఒకే మందంతో ఉంటుంది. పేర్లు భలే కుదిరాయి. భాగవతం రాసిన పోతనకి అలంకారం, ఆటవెలదుల వేమనకి సాదా గీత. ఆ వేమన సమాధి ఉందని చెప్పే కటారుపల్లె ఇక్కడికి ఉత్తరాన, కదిరి దగ్గరే.

ఈలోపు డీటీపీ సెంటర్లలో వేరే లోకం నడిచింది. అను లాంటి సాఫ్ట్‌వేర్లలో డజన్ల కొద్దీ స్టైలిష్ తెలుగు ఫాంట్లు. పత్రికలు, కార్డులు, పాంప్లెట్లు అన్నీ అందులోనే. కానీ అవి యూనికోడ్ కాదు. అక్కడ కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాల చెత్త వస్తుంది. ఏళ్ల తరబడి టైప్ చేసిన తెలుగు ఎంతో గూగుల్‌లో వెతికినా దొరకకుండా పోయింది. అందం వాళ్ల దగ్గర, వెతుకులాట వీళ్ల దగ్గర. ఫాంట్ అంటే ఊరికే షోకు అనుకునేవాళ్లకి ఇది చెప్పాలి.

అంతకన్నా గట్టిగా చెప్పిన సంఘటన ఇంకోటి ఉంది. 2018 ఫిబ్రవరి. మన తెలుగు అక్షరం ఒక్కటి ప్రపంచంలో ఐఫోన్లని పడేసింది! మెసేజ్‌లో 'జ్ఞా' ఒక ప్రత్యేకమైన పద్ధతిలో వస్తే చాలు, యాప్ క్రాష్. కొన్నిసార్లు ఫోన్ మొత్తం మొరాయించింది. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు, ఆ తర్వాత దీర్ఘం, ఇదీ ఆ వరస. ఆ కనపడని గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అక్షరాలు కలవకుండా మధ్యలో పెట్టే అడ్డుతెర అన్నమాట. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. అప్పుడు మనమంతా మీమ్స్ వేసుకుని నవ్వుకున్నాం. కానీ ఆలోచించండి, జ్ఞానం, విజ్ఞానం, జ్ఞాపకం అని రోజూ రాసుకునే అక్షరం అది. కోట్ల మంది రాసే అక్షరం అంత పెద్ద కంపెనీ టెస్టింగ్‌లో ఎవరి కంటా పడలేదు.

ఆ అడ్డుతెరే హార్స్లీకి కూడా పనికొస్తుంది. 'స్' తర్వాత దాన్ని పెట్టి 'లీ' టైప్ చేస్తే హార్స్‌లీ అని విడిగా వస్తుంది, మూడంతస్తులు రెండవుతాయి. చాలా తెలుగు కీబోర్డుల్లో ఆ గుర్తు ఎక్కడో లోపల దాక్కుని ఉంటుంది. వెతుక్కోండి, ఇంగ్లిష్ పేర్లు తెలుగులో రాసేవాళ్లకి బంగారం అది.

ఇప్పుడు కుప్పం. మదనపల్లె నుంచి 42వ నంబర్ నేషనల్ హైవే పట్టుకుంటే పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం, అక్కడ నుంచి తమిళనాడులో కృష్ణగిరి. కుప్పానికి ఒకపక్క కర్ణాటక, ఒకపక్క తమిళనాడు. ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో అక్కడే పెట్టారు. ఒకే కిరాణా కొట్టులో మూడు భాషల కవర్లు వేలాడతాయి.

2016లో ముంబైకి చెందిన ఎక్ టైప్ అనే డిజైనర్ల బృందం బాలూ అనే ఫాంట్ కుటుంబాన్ని గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా పెట్టింది. జంగిల్ బుక్‌లో ఎలుగుబంటి పేరే. పేరుకి తగ్గట్టు బొద్దుగా, నున్నగా ఉంటుంది. ఒక్కో లిపికి ఒక్కో పేరు పెట్టారు, అన్నీ అన్నదమ్ముల వరసలే. గుజరాతీకి భాయ్, మలయాళానికి చేట్టన్, తమిళానికి తంబి, కన్నడకి తమ్మ, తెలుగుకి బాలూ తమ్ముడు. తంబి, తమ్మ, తమ్ముడు ముగ్గురూ రోజూ కలుసుకునే ఊరు కుప్పం! తర్వాత బాలూ 2 పేరుతో ఐదు రకాల మందాల్లో వచ్చింది. నా థంబ్‌నెయిల్స్‌లో మీరు చూసే లావు అక్షరం చాలాసార్లు అదే.

ఈ తమ్ముడిని, ఆ తమ్మని పక్కపక్కన పెట్టి చూస్తే ఇందాకటి చరిత్ర తిరిగొస్తుంది. అచ్చు యంత్రం ఖాయం చేసిన తేడాల్లో పెద్దది తలకట్టు. కన్నడది పడుకున్న గీత, మనది టిక్ మార్క్. మందం ఒకటే చేసి, కొసలు ఒకేలా నున్నగా చేసేసరికి ఆ ఒక్క తేడా తప్ప చాలా అక్షరాలు కవలల్లా కనిపిస్తాయి. బెంగళూరులో తిరిగే మనోళ్లు కన్నడ బోర్డులు సగం చదివేస్తారు కదా, గుండ్రటి ఫాంట్‌లో ముప్పాతిక చదివేయొచ్చు.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. ఇంగ్లిష్‌లో సెరిఫ్ తీసేస్తే అక్షరం మారదు. దాన్ని చూసి కొందరు మన తలకట్టుని కూడా అలంకారం అనుకుంటారు, లోగోల్లో కోసేస్తారు. కానీ తలకట్టు అలంకారం కాదండీ, అది 'అ' అనే అచ్చుకి గుర్తు. గుడి పెడితే తలకట్టు పోతుంది, పొల్లు పెడితే తలకట్టు పోతుంది. దాన్ని కోసేస్తే అక్షరం అసలు ఏ గుణింతమో తెలీదు. కాబట్టి తెలుగులో శాన్స్ సెరిఫ్ అంటే ఏదో ఒకటి కోసేయడం కాదు, గీత మందం ఒకేలా ఉంచడం. బాలూ చేసినవాళ్లు తలకట్టుని పొట్టిగా, లావుగా చేశారు గానీ కోయలేదు.

మరి ఆ కుటుంబంలో ఇటాలిక్ ఉందా? లేదు. బాలూ తమ్ముడుకి లేదు, నోటో శాన్స్ తెలుగుకి లేదు, హింద్ గుంటూరుకి లేదు. టైరో తెలుగు అనే ఫాంట్‌కి ఉంది. జాన్ హడ్సన్, ఫెర్నాండో మెల్లో చేసినది, హార్వర్డ్ వాళ్ల మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం మొదలైన అక్షరం. 2015లో పెద్దన మనుచరిత్ర ఇంగ్లిష్ అనువాదంతో కలిపి ఆ సిరీస్‌లోనే వచ్చింది. కానీ అది పుస్తకానికి తగిన నాజూకు అక్షరం, గుండ్రటి శాన్స్ కాదు. కాబట్టి మీ ఫోన్‌లో బాలూ తమ్ముడు పెట్టి ఇటాలిక్ నొక్కితే వచ్చేది దొంగ ఇటాలిక్కే. వత్తులు పక్కింటికి పోతాయి.

వాల్చాలా వద్దా అంటే, నా వరకు వార్తలకి, పాఠాలకి, మందుల చీటీలకి, రోడ్డు బోర్డులకి వద్దు. ఘాట్ రోడ్డు మలుపులో సెకనులో చదవాల్సిన బోర్డు మీద ప్రయోగాలేంటి. సినిమా టైటిల్, స్వీట్ షాపు, థంబ్‌నెయిల్ అంటారా, వాలిస్తే మజానే. కానీ ఎవరో ఒకరు కూర్చుని ప్రతి వత్తునీ, ప్రతి గుడినీ విడిగా గీయాలి. డిజైన్ చదువుతున్నవాళ్లు ఈ వీడియో చూస్తుంటే, పెయింటర్లు ఇంకా ఉన్నారు, వాళ్ల గోడలు ఇంకా కొన్ని ఉన్నాయి. ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి. తర్వాతి సున్నంతో పోతాయి.

నా థంబ్‌నెయిల్ మార్చేశా. నిటారుగా, ఒక మందం తగ్గించి, 'హార్సిలీ' అని పెట్టా. అవ్వ చదివి, "ఆ, ఇప్పుడు కొండ మాదిరి నిలబడింది" అంది. పెయింటర్ మామని మాత్రం వదల్లేదు. మా ఛానల్ పేరు వాలుగా, గుండ్రంగా ఒక రేకు మీద రాసివ్వమని అడిగా. డబ్బులు తీసుకుంటేనే రాయించుకుంటా అన్నా. బ్రష్షులు ఎండిపోయి ఉన్నాయంట, మదనపల్లెలో కొత్తవి కొనుక్కుని రమ్మని సైజులు రాసిచ్చాడు. చీటీ ఇదిగో, ఆ చీటీ మీద అక్షరాలు కూడా వాలే ఉన్నాయి చూడండి.

సరే, చీకటి పడుతోంది, ఘాట్ రోడ్డు దిగాలి. ఉంటా మరి.